ఇంట్లో పెద్దాయనకి క్యాన్సర్: గోదావరి జిల్లాల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాన్నగారికి బుగ్గ క్యాన్సర్. లంక పొగాకు చుట్ట 40 ఏళ్లు కాల్చారు. జబ్బు పేరు బయటపడిన రోజు నుంచి ఆయన పోయేదాకా 14 నెలలు. మాది రాజోలు వైపు, వశిష్ఠ గట్టున చిన్న ఊరు. నేను డాక్టర్ని కాదు, కొబ్బరికాయల లెక్కలు రాసుకునే మనిషిని. కానీ ఆ తర్వాత మా చుట్టుపక్కల ఎవరింట్లో ఈ జబ్బు వచ్చినా “మీరు పడ్డారు కదండీ, ఓసారి మాట్లాడండి” అని నాకు ఫోన్ వస్తుంది. అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు, అందుకే రాసి పెడుతున్నాను. మందుల మోతాదులు మాత్రం ఇక్కడ ఉండవు. అవి మీ డాక్టర్ చెప్పాల్సినవి.

ముక్క తీసి పరీక్షకి పంపుతామంటున్నారు. కత్తి తగిలితే పాకేస్తుందంట కదా?

పాకదండి. పాకేది మనం చేసే ఆలస్యం వల్ల. మేం ముందు పంటి నొప్పి అనుకుని లవంగ నూనె పెట్టుకుంటూ రెండు నెలలు గడిపాం. ఆ తర్వాత ఈ కత్తి మాటకి భయపడి ఇంకో ఆరు వారాలు. ఏ రకం క్యాన్సరో తేలకపోతే ఏ మందు ఇవ్వాలో డాక్టర్‌కీ తెలియదు, అది చెప్పేది చాలామటుకు ఆ ముక్కే. నోట్లో పుండు గానీ తెల్ల మచ్చ గానీ రెండు మూడు వారాలు దాటినా మానకపోతే చూపించండి. చుట్ట, ఖైనీ, గుట్కా అలవాటున్న మనిషైతే మరీను.

అంటుకుంటుందా? కంచం, గ్లాసు విడిగా పెట్టాలా?

అంటుకోదు. పెట్టొద్దు. మనవల్ని ఆయన దగ్గరికి వెళ్లనివ్వండి.

నాన్నగారికి జబ్బు పేరు చెప్పాలా, వద్దా?

మా బాబాయి, మేనత్త, అందరూ “చెప్తే బెంగతో పోతాడు” అన్నారు. మేం చెప్పలేదు. “పుండు ముదిరింది, కరెంటు పెట్టాలట” అన్నాం. రేడియేషన్‌ని మన వైపు కరెంటు పెట్టడం అనే అంటారు కదా. ఆసుపత్రి గోడ మీద క్యాన్సర్ అని రెండు మూరల అక్షరాలతో రాసి ఉంది. ఆయన ఏడో తరగతి చదివిన మనిషి. మూడోసారి వెళ్లి వస్తుంటే చించినాడ వంతెన మీద, కిటికీలోంచి గోదారిని చూస్తూ, “ఆ బోర్డు నాకూ కనపడుతుందిరా” అన్నారు. అంతే. ఊరొచ్చేదాకా కారులో ఎవరం మాట్లాడలేదు.

ఆయనకి తెలుసు, తెలుసని మాకు అనుమానం, అయినా ఇంట్లో నాటకం. అలా రెండు నెలలు ఆయన్ని ఒంటరిని చేశాం. ఇప్పుడు ఎవరడిగినా నేను చెప్పేది ఒక్కటే: చెప్పాలా వద్దా అని మీలో మీరు సభ పెట్టుకోకండి, ఆయన్నే అడగండి. “డాక్టర్ గారు చెప్పినవన్నీ మీకు చెప్పమంటారా నాన్నా, లేకపోతే మమ్మల్ని చూసుకోమంటారా?” అని. కొందరు “మీరే చూసుకోండి” అంటారు. అదీ జవాబే, దాన్ని గౌరవించండి. కొందరు ఒక్కో ప్రశ్న అడిగి ఆగిపోతారు. అడిగినంత వరకే చెప్పండి. ఆయన అడగకుండా ఎన్ని నెలలు అన్న లెక్క మాత్రం ఎత్తొద్దు. అడిగితే ఆ మాట డాక్టర్ నోటి నుంచి రావడం మంచిది.

చివరికి చెప్పేశాక మా నాన్నగారు కుంగిపోలేదు. నాలుగు రోజులు మాట తగ్గింది. ఐదో రోజు పట్టాదారు పాస్‌బుక్, బ్యాంకు కాగితాలు, రొయ్యల చెరువు లీజులో ఎవరి నుంచి ఎంత రావాలో రాసిన చిన్న పుస్తకం తీసి అమ్మ ముందు పెట్టారు. “2015 పుష్కరాల్లో రాజమండ్రి కోటిలింగాల రేవులో మునిగాను, చాలు. 2027వి మీరు చూసుకోండి” అన్నారు. చెప్పకపోయి ఉంటే ఆ పుస్తకం ఎక్కడుందో కూడా మాకు తెలిసేది కాదు.

ఎక్కడికి తీసుకెళ్లాలి? డబ్బు సంగతి?

కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి, రాజమండ్రి, విశాఖ, హైదరాబాద్. మన వాళ్లు వెళ్లేవి ఇవే. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్లు నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. రైల్లో వెళ్తే దువ్వాడలో దిగడం సుఖం. హైదరాబాద్‌లో ప్రభుత్వానిది ఎంఎన్‌జే, ఇంకా బసవతారకం. ఎన్టీఆర్ వైద్య సేవ (మన జనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే అంటారు) క్యాన్సర్‌కి వర్తిస్తుంది. ఆధార్, రేషన్ కార్డు పట్టుకుని ఆసుపత్రిలో ఆ పథకం కౌంటర్ దగ్గరికి ముందు వెళ్లండి, డబ్బు కట్టాక కాదు. అనుమానం ఉంటే 104కి ఫోన్ చేయండి. పథకంలో రాని ఖర్చుకి సీఎం రిలీఫ్ ఫండ్ ఉంది, ఆ దరఖాస్తు ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా వెళ్తుంది.

రైలు రాయితీ సంగతి చాలామందికి తెలియదు. చికిత్సకి వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్లేవాళ్లకి 75 శాతం తగ్గింపు. ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రం కావాలి. రాజోలు వాళ్లం రైలెక్కాలంటే పాలకొల్లో నరసాపురమో పోవాలనుకోండి, అది వేరే కథ.

రెండో అభిప్రాయం ఒకసారి తీసుకోండి. ఐదో అభిప్రాయం వద్దు. ఫైలు పట్టుకుని ఊళ్లు తిరగడంలో మేం పోగొట్టుకున్న రోజుల్లో ఆయన హాయిగా ఇంట్లో కూర్చునేవారు.

“ఇక లాభం లేదు, ఇంటికి తీసుకెళ్లిపోండి” అన్నారు. నిజంగా ఇంకేమీ లేదా?

ఈ మాట మాకూ ఒక పెద్ద ఆసుపత్రిలో, వరండాలో, నిలబెట్టి చెప్పారు. చేతిలో ఒక పారాసిటమాల్ చీటీ. ఆ రాత్రి ఆయన గోడకేసి తల కొట్టుకున్నారు, నొప్పితో.

జబ్బు తగ్గించే మందు అయిపోయిందేమో గానీ, నొప్పి తగ్గించే మందు అయిపోలేదు. దాన్ని పాలియేటివ్ కేర్ అంటారు, ఉపశమన వైద్యం. నొప్పి, వాంతులు, ఆయాసం, పుండు, నిద్ర, భయం, ఇంట్లోవాళ్ల అలసట, ఇవన్నీ చూడటమే వాళ్ల పని. ఆ పేరు నాకు చెప్పింది డాక్టర్ కాదు, పక్క మంచం రోగి కూతురు. మీరైతే లాభం లేదు అనేదాకా ఆగకండి. మొదటి నెలలోనే “మీ దగ్గర పాలియేటివ్ విభాగం ఉందా అండీ? లేకపోతే ఎక్కడికి రాస్తారు?” అని అడగండి. కీమో జరుగుతుండగానే అదీ నడుస్తుంది, ఒకటి ఉంటే ఇంకోటి కూడదని లేదు.

“నొప్పి ఉందా నాన్నా?” అంటే “బానే ఉంది” అంటారు. ఎలా తెలుసుకోవాలి?

మా నాన్నగారు కుర్రతనంలో కొబ్బరి దింపు తీసేటప్పుడు చెట్టు మీంచి పడి కాలు విరిగినా అరవని మనిషి. పాలియేటివ్ నర్సమ్మ ఇంటికి వచ్చి “సున్నా నుంచి పది వరకు నొప్పి ఎంతండీ?” అంటే, లెక్కల మాస్టారు బోర్డు దగ్గరికి పిలిచినట్టు బిక్కమొహం వేశారు. మా అమ్మ వెనక నుంచి అంది: “రూపాయికి ఎన్నణాలుందండీ నొప్పి?”

“పన్నెండణాలు” అన్నారు, టక్కున.

అణాల లెక్కకి 1957లోనే కాలం చెల్లింది, పెద్దవాళ్ల మాటలో మాత్రం చెల్లలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో నొప్పిని అణాల్లోనే కొలిచాం. నాలుగణాలైతే పేపరు చదివేవారు. ఎనిమిదణాలైతే అడిగినదానికి ఒక్క ముక్కలో జవాబు. పన్నెండైతే గోడవైపు తిరిగి పడుకునేవారు. పదహారణాలు అన్నది ఒక్కసారే. నర్సమ్మ ఆ అంకెలే తన కాగితంలో రాసుకునేది, పక్కన కుండలీకరణాల్లో తన లెక్క.

ఎంత అన్నది ఒకటైతే, ఎలాంటిది అన్నది ఇంకోటి. దీనికి మన భాషలో ఉన్నన్ని మాటలు వాడండి, సిగ్గుపడొద్దు. సలుపుతోందా, పోటు పొడుస్తోందా, పీకుతోందా, మండుతోందా, జివ్వుమంటోందా, కరెంటు కొట్టినట్టుందా, చీమలు పాకినట్టుందా? మంట, జివ్వుమనడం, కరెంటు కొట్టడం, చీమలు: ఇవి చాలావరకు నరం నొప్పి. దానికి మామూలు నొప్పి మాత్రలు సరిగ్గా లొంగవు. గాబాపెంటిన్, ప్రీగాబలిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి కలుపుతారు. ఎముకలో ఒకే చోట, కదిలితే ప్రాణం పోయేలా ఉంటే అది ఎముకకి పాకినదేమో చూస్తారు. అలాంటప్పుడు ఒక్కసారి పెట్టే కరెంటు (రేడియేషన్)తోనే చాలామందికి ఉపశమనం వస్తుంది. డాక్టర్ దగ్గర “ఒళ్లంతా నొప్పులండి” అని ఊరుకుంటే ఆయనా ఏదో ఒకటి రాసి ఊరుకుంటాడు.

మాట పడిపోయిన మనిషైతే నుదుటి మీద ముడత, బిగించిన పిడికిలి, పక్క మార్చేటప్పుడు మూలుగు చూడండి.

మార్ఫిన్ అంటే మత్తుమందు కదా? అలవాటు పడిపోరా? అది ఆఖరి మందంట?

మా మావయ్య మా గుమ్మంలో నిలబడి “అది మొదలెడితే పది రోజులేరా” అన్నారు. మొదలుపెట్టాక నాన్నగారు ఐదు నెలలున్నారు. అందులో రెండు నెలలు నా బండి వెనక కూర్చుని తోటకి వచ్చి కాయలు లెక్కపెట్టారు. ప్రాణం తీసింది జబ్బు. ఆ మాత్ర ఆయన్ని కూర్చోబెట్టింది.

నొప్పి కోసం, డాక్టర్ చెప్పిన లెక్కలో వాడే రోగి వ్యసనపరుడైపోవడం అరుదు. కొన్ని వారాలు వాడాక ఒంటికి అలవాటవుతుంది, నిజమే. అందుకే ఉన్నపళంగా ఆపకూడదు, డాక్టర్ మెల్లిగా తగ్గిస్తారు. అది వ్యసనం కాదు. జబ్బు పెరిగితే మోతాదూ పెంచుతారు. ముందే వాడేస్తే తర్వాత పనిచెయ్యదేమో అని దాచిపెట్టుకోవలసిన మందు కాదు ఇది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పింది: నోటితో, గడియారం ప్రకారం ఇవ్వాలని. మామూలు మార్ఫిన్ మాత్ర సుమారు నాలుగు గంటలు పనిచేస్తుంది. మా గోడ మీద క్యాలెండర్లో ఒక్కో తేదీ గడిలో అమ్మ ఐదు అంకెలు రాసేది: 6, 10, 2, 6, 10. వేసినప్పుడల్లా పెన్సిల్‌తో కొట్టేసేది. రాత్రి పదింటిది డాక్టర్ కాస్త పెద్ద మోతాదు రాశారు, తెల్లారేదాకా లేవకుండా. “ఇప్పుడు నొప్పి లేదుగా, వచ్చాక వేద్దాంలే” అని ఒకసారి నేనే మధ్యాహ్నం రెండింటిది ఆపాను. నాలుగున్నరకి పద్నాలుగణాలు. దాన్ని మళ్లీ కిందికి దించడానికి అర్ధరాత్రైంది. గట్టు తెగాక ఇసుక బస్తాలు మోసినట్టే. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే వేయడానికి అదనపు మాత్ర రాయించుకోండి, అది వేసిన టైమూ క్యాలెండర్లో రాయండి.

మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటారు. చాలామటుకు అది మందు మత్తే కాదు, నొప్పితో వారాల తరబడి లేని నిద్ర తీర్చుకోవడం కూడా. వాంతి వచ్చినట్టుండటం వారంలో తగ్గుతుంది. తగ్గనిది మలబద్ధకం. విరేచనానికి మందు మొదటి రోజు నుంచే రాయించుకోవాలి, అరటిపండుతో అయ్యే పని కాదు. మనిషి ఎంత లేపినా లేవకపోయినా, ఊపిరి మరీ నెమ్మదించినా తర్వాతి మాత్ర వేయకుండా వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయాలి. నెమ్మదిగా కరిగే మాత్రలు వేరే ఉంటాయి, వాటిని నలిపి ఇవ్వకూడదు. మింగలేని వాళ్లకి ఒంటికి అంటించే ఫెంటానిల్ పట్టీ ఉంది, సాధారణంగా మూడు రోజులకోసారి మార్చాలి. దాని మీద వేడి కాపడం పెట్టొద్దు, మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది.

ఊళ్లో మందుల షాపులో మార్ఫిన్ దొరకదు, వాళ్లతో గొడవపడి లాభం లేదు. 1985 నాటి మత్తుమందుల చట్టం వల్ల ఒకప్పుడు ఆసుపత్రులకే ఇది తెప్పించుకోవడం గగనమయ్యేది. 2014లో ఆ చట్టాన్ని సవరించి, గుర్తింపు ఉన్న వైద్య సంస్థలు ఒకే రకం నిబంధనలతో ఇచ్చేలా చేశారు. ఆ గుర్తింపు మీ ఆసుపత్రికి ఉందా, ఎన్ని రోజులకి ఇస్తారు, రోగిని ప్రతిసారీ తేవాలా, ఫైలుతో మనిషి వస్తే చాలా, ఈ నాలుగూ మొదటి రోజే అడిగేయండి. ఇంట్లో తాళం వేసి ఉంచండి.

మా ఊరి ఆర్‌ఎంపీ నొప్పి ఇంజెక్షన్ చేస్తానంటున్నారు?

అర్ధరాత్రి తలుపు కొడితే వచ్చేది ఆయనే, ఆ మంచితనం నేను కాదనను. కానీ డైక్లోఫెనాక్ సూదులు రోజూ పొడిపించుకుంటే కిడ్నీలు, కడుపు పాడవుతాయి. ఆయనకి మీ క్యాన్సర్ డాక్టర్ చీటీ చూపించండి, అందులో లేనిది వద్దనండి. మా ఆర్‌ఎంపీ గారు బీపీ చూసి, గొట్టం మార్చి, మా అమ్మకి ధైర్యం చెప్పి వెళ్లేవారు. ఆ సాయానికి వెల కట్టలేం.

అర్ధరాత్రైనా సరే పరుగెత్తాల్సినవి ఏవి?

కీమో నడుస్తున్నప్పుడు జ్వరం 100.4 దాటితే. నడుం నొప్పితో పాటు కాళ్లు పట్టు తప్పినా, ఒంటేలు బంద్ అయినా గంటల్లో వెళ్లాలి, ఆలస్యమైతే కాళ్లు తిరిగి రాకపోవచ్చు. ఊపిరి అందకపోవడం, ఆగని రక్తం. 108కి చెయ్యండి. మెడ, నోటి క్యాన్సర్లలో పుండు నుంచి ఒక్కసారిగా రక్తం రావచ్చు. ముదురు రంగు తువ్వాళ్లు నాలుగు మంచం కింద పెట్టుకోమని నర్సమ్మ చెప్పింది. తెల్ల గుడ్డ మీద రక్తం చూస్తే రోగి భయంతోనే సగం అయిపోతాడట. మాకు అవసరం పడలేదు. తువ్వాళ్లు మాత్రం ఉన్నాయి, ముదురు మెరూన్‌వి.

అన్నం తినడం లేదు. సెలైన్ పెట్టించమని అందరూ అంటున్నారు.

ఆకలి పోవడం ఈ జబ్బు చేసే పనే. తినకపోవడం వల్ల జబ్బు ముదరడం కాదు, ముదరడం వల్ల తినలేకపోవడం. మా అమ్మకి ఈ ముక్క మింగుడుపడటానికి చాలా రోజులు పట్టింది. 45 ఏళ్లు వండి పెట్టిన మనిషి, కంచంలో అన్నం అలాగే ఉండిపోతే అది తన తప్పే అనుకుంది. “రెండు ముద్దలండీ, నాకోసం” అని బతిమాలేది, ఆయన ఆమె కోసం తిని తర్వాత కక్కుకునేవారు.

5 శాతం గ్లూకోజ్ ఉన్న అర లీటరు సీసాలో 25 గ్రాముల చక్కెర ఉంటుంది. అంటే ఐదు చెంచాలు. వాంతులు, విరేచనాలతో నీరు తగ్గినప్పుడు సెలైన్ పనికొస్తుంది. ఆఖరి వారాల్లో మాత్రం ఒళ్లు ఆ నీటిని వాడుకోలేదు, కాళ్లకీ ఊపిరితిత్తులకీ దిగి ఆయాసం పెంచుతుంది. జబ్బు మొదట్లో, చికిత్స తట్టుకోవాల్సిన రోజుల్లో సంగతి వేరు. అప్పుడు ముక్కు గొట్టం పెడతామంటే భయపడకండి, నోటి క్యాన్సర్ వాళ్లకి అది మంచి ఆసరా.

పుండున్న నోటికి పులుపు, కారం నిప్పులాంటివి. మాకు నడిచినవి: చల్లార్చిన రాగి జావ, లేత కొబ్బరి మీగడ, నెయ్యి వేసి మిక్సీ పట్టిన ముద్దపప్పు అన్నం. పెద్ద కంచంలో వద్దు, టీ గ్లాసులో ఇవ్వండి. ఆగస్టులో ఒకరోజు పులస పులుసు అడిగారు. ఆ రేటుకి మామూలుగా మేం కొనే చేప కాదు. తెచ్చి వండితే ఒక్క ముద్ద కూడా లోపలికి పోలేదు. అమ్మ వేలితో పులుసు తీసి, పుండు లేని వైపు నాలుక చివర రాసింది. కళ్లు మూసుకుని చాలాసేపు ఉన్నారు. మంట పుట్టలేదా అని అడిగితే, “పుట్టిందిలే” అన్నారు.

లక్ష్మణ ఫలం, పసరు మందు వాడొచ్చా?

కడియం నర్సరీ నుంచి లక్ష్మణ ఫలం మొక్క మేమూ తెచ్చాం. మన జిల్లాల్లో తేని ఇల్లు తక్కువ. ఆకులు కాచి తాగిస్తే ఆయనకి వాంతులు. ప్రయోగశాలలో గాజు పళ్లెంలో క్యాన్సర్ కణాల్ని చంపేవి చాలా ఉంటాయి, మనిషి ఒంట్లో అది తగ్గించినట్టు రుజువు లేదు. పైగా గ్వాడెలూప్ అనే దీవిలో దాన్ని విపరీతంగా వాడేవాళ్లలో పార్కిన్సన్స్ లాంటి నరాల జబ్బు కనిపించి డాక్టర్లు హెచ్చరించారు. పసర్లు కాలేయాన్ని దెబ్బతీస్తే కీమో ఆపాల్సి వస్తుంది. ఏది వాడినా డాక్టర్ దగ్గర దాచకండి. తిట్టినా సరే చెప్పండి. మొక్కు, జపం, తాయెత్తు, చర్చి ప్రార్థన, ఇవి నోట్లోంచి లోపలికి పోయేవి కావు, వాటితో ఎవరికీ పేచీ లేదు.

పుండు వాసనకి పిల్లలు గదిలోకి రావడం లేదు. ఏం చెయ్యాలి?

ఇది ఎవరూ నోరు విప్పి అడగరు, ఫోన్ పెట్టేసే ముందు గొంతు తగ్గించి అడుగుతారు. వాసనకి కారణం పుండులో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా. మెట్రోనిడజోల్ మాత్ర మెత్తగా నలిపి పుండు మీద చల్లడం నర్సమ్మ మాకు నేర్పింది, మూడు నాలుగు రోజుల్లో తేడా తెలిసింది. ఎంత, ఎన్నిసార్లు అన్నది మీ నర్సుని అడగండి. ఉప్పునీళ్లతో తడిపి, కట్టు నానాక తీయాలి, లాగితే రక్తం వస్తుంది. కట్టు మార్చడానికి అరగంట ముందు నొప్పి మాత్ర పడాలి. గదిలో పళ్లెంలో నిప్పు లేని బొగ్గులు పెట్టండి. అగరొత్తులు గుప్పించొద్దు, రెండు వాసనలూ కలిసి ఇంకా అన్యాయంగా ఉంటుంది. మన చెరువుల పక్క ఈగలకి కరువు లేదు కాబట్టి పగలు కూడా దోమతెర. ఒకవేళ పురుగు పడితే అది మీ శుభ్రత లోపం కాదు, వెంటనే నర్సుకి చెప్పండి, తీసే పద్ధతి వాళ్లకి తెలుసు.

వాసన తగ్గిన వారం మా పదేళ్ల అబ్బాయి తాత మంచం మీద కూర్చుని హోంవర్క్ చేసుకున్నాడు.

వరద రోజుల్లో మందులు ఎలా?

లంకల్లో ఉన్నవాళ్లు జులై నుంచి సెప్టెంబరు దాకా రెండు వారాల మందు ముందే చేతిలో ఉంచుకోండి. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకి, రెండోది 13 లక్షలకి, మూడోది 17 లక్షలకి. మంచం పట్టిన మనిషి ఉంటే మూడోదాకా కూర్చోకండి, మొదటిదానికే గట్టు ఇవతల బంధువుల ఇంటికి మార్చండి. ఇంట్లో లేవలేని రోగి ఉన్నాడని ఆశా కార్యకర్తకి ముందే చెప్పి ఉంచితే పడవ వచ్చినప్పుడు మీ పేరు గుర్తుంటుంది. మాత్రలు, ఫైలు, కట్టు సామాను ఒక మూత బిగించే డబ్బాలో.

చెల్లి కువైట్‌లో ఉంది. ఎప్పుడు రమ్మనాలి?

మనిషి మాట్లాడుతుండగా. అంత్యక్రియలకి వచ్చే టికెట్టూ ఇప్పుడు వచ్చే టికెట్టూ ఒకే రేటు. సెలవు ఒక్కసారే దొరుకుతుందంటే ఇప్పుడే. “రోజు రోజుకీ తగ్గిపోతున్నారు” అంటే రోజుల్లో ఉందని, “వారం వారం” అంటే వారాల్లో ఉందని ఒక డాక్టర్ గారు నాకు లెక్క చెప్పారు, అది మాకు దాదాపు సరిపోయింది. మా చెల్లి 12 రోజులుండి వెళ్లింది. ఆయన పోయినప్పుడు రాలేకపోయింది, వీడియోలో చూసింది. ఆ 12 రోజులూ తనే తల దువ్వింది, గోళ్లు తీసింది. దూరం నుంచి నెల నెలా డబ్బు పంపేవాళ్లని “నీకేం, అక్కడ హాయిగా ఉన్నావు” అని అనకండి. నేను అన్నాను. వెనక్కి తీసుకోలేకపోయాను.

పరామర్శకి వచ్చేవాళ్లతో టెన్షన్‌గా ఉంది.

“మా తోడల్లుడికీ ఇలాగేనండి, సరిగ్గా రెండు నెలలు” అని రోగి ఎదురుగా కూర్చుని చెప్పే మహానుభావులు ప్రతి ఊళ్లో ఉంటారు. మా అమ్మ వాళ్లని అరుగు మీదే కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, “ఆయ్, ఇప్పుడే కునుకు పట్టిందండి” అనేది. రోజుకి ఆరుసార్లు కునుకు పట్టేది ఆయనకి. ఏమైనా సాయం చెయ్యమంటారా అని నిజంగా అడిగేవాళ్లకి పని అప్పగించండి: పొద్దున్న పాలు, పిల్లల్ని బడి నుంచి తేవడం, ఒక రాత్రి కాపలా.

విసుగొస్తోంది. త్వరగా పోతే బాగుండు అని కూడా అనిపిస్తోంది. పాపమా?

ఒక తెల్లవారుజామున, మూడు రాత్రుల నిద్ర బాకీతో, నేను ఇచ్చిన మాత్ర ఆయన ఉమ్మేస్తే గట్టిగా అరిచాను. మింగలేక ఉమ్మారు, నాకది మొండితనంలా కనిపించింది. ఆయన నావైపు చూసి, “తప్పైపోయింది బాబూ” అన్నారు. మా నాన్న నన్నెప్పుడూ బాబూ అని పిలవలేదు, ఒరేయ్ అనే పిలిచేవారు.

బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నాను. ఇది ఇంక అయిపోతే బాగుండు అనుకున్నాను. అనుకున్నానని ఎవరికీ చెప్పుకోలేక వారం తిరిగాను. చివరికి నర్సమ్మకి చెబితే, ఆవిడ కట్టు చుడుతూనే “ఈ ఇంటికి వచ్చేముందు ఇంకో ఇంట్లో ఇదే మాట విని వచ్చానండి” అంది. మనం కోరుకునేది ఆయన పోవాలని కాదు, ఆ బాధ పోవాలని. అలసిన బుర్రకి ఆ తేడా తెలియదు.

మనిషి అరిచేది ఎక్కువగా నిద్ర లేక. రాత్రుల్ని పంచుకోండి. మా ఇంట్లో నేను, బాబాయి కొడుకు రోజు విడిచి రోజు. అంతకుముందు రాత్రులన్నీ అమ్మ మీద, నా భార్య మీద పడేసి, నేను పగలు ఆసుపత్రి తిరిగి ఏదో చేసేస్తున్నాననుకున్నాను. “కోడలు బంగారం, అన్నీ చూసుకుంటుంది” అని పొగిడి పడుకోవడం మన దగ్గర మగవాళ్లకి బాగా అలవాటు. నిద్ర పూర్తిగా పోయినా, చచ్చిపోవాలనిపించినా 14416కి చెయ్యండి, టెలి మానస్ అని ప్రభుత్వానిది, తెలుగులో మాట్లాడతారు.

వెంటిలేటర్ వద్దని చెప్పొచ్చా?

చెప్పొచ్చు. గౌరవంగా పోవడం కూడా మనిషి హక్కేనని సుప్రీంకోర్టు 2018లో తీర్పిచ్చింది. ముందుగానే రాసిపెట్టుకునే పత్రం పద్ధతిని 2023లో సులువు చేసింది: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం. కాగితం మాట ఎలా ఉన్నా, అర్ధరాత్రి ఆయాసం వస్తే ఎక్కడికి తీసుకెళ్లాలి, అసలు తీసుకెళ్లాలా అన్నది పగలు, తీరిగ్గా, ఆయన్ని కూడా కూర్చోబెట్టుకుని మాట్లాడుకోండి.

ఆఖరి రోజులు ఎలా ఉంటాయి?

నిద్ర పెరుగుతుంది. రోజులో ఎక్కువ భాగం కళ్లు మూసుకునే ఉంటారు. ఒంటేలు తగ్గి ముదురు రంగులోకి వస్తుంది. కాళ్లు, చేతులు చల్లబడి మచ్చలు మచ్చలుగా నీలం తిరుగుతాయి. కొందరు లేనివాళ్లతో మాట్లాడతారు. మా నాన్నగారు ఎప్పుడో పోయిన వాళ్లన్నయ్యని పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఆపమని కేకేశారు. వాదించొద్దు. ఊపిరి వేగంగా వచ్చి, ఆగి, మళ్లీ వస్తుంది. ఆ ఆగడం వినేవాళ్లకి నరకం. గొంతులో గురగుర శబ్దం వస్తుంది. మింగలేని ఉమ్మి అక్కడ చేరడం వల్ల. చూసేవాళ్లకి భయంగా ఉంటుంది గానీ ఆ స్థితిలో మనిషికి అది అంతగా తెలియదని డాక్టర్లు చెబుతారు. పక్కకి తిప్పి పడుకోబెడితే తగ్గుతుంది, మందు కూడా ఉంది.

తులసి నీళ్లు, గోదారి నీళ్లు చెంచాతో పోస్తారు మనవాళ్లు. దయచేసి పొయ్యొద్దు. మింగుడుపడని మనిషికి అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దూదిని ఆ నీళ్లలోనే ముంచి పెదవులు తడపండి. మా పురోహితుడు గారు కూడా “అంతే చాలు” అన్నారు. నొప్పి మందు ఆపకండి, మాట లేనంత మాత్రాన నొప్పి లేదని కాదు. మింగలేకపోతే ఇంకో దారిలో ఇవ్వడం గురించి ముందే కనుక్కోండి. వినికిడి చాలాసేపు ఉండొచ్చంటారు, కాబట్టి మంచం పక్కన కర్మకాండ ఖర్చు లెక్కలు వద్దు.

మిగిలిన మార్ఫిన్ మాత్రలు ఏం చెయ్యాలి?

కాలవలో పారేయొద్దు. “నడుం నొప్పికి పనికొస్తాయేమో” అని అడిగే బంధువుకి అసలే ఇవ్వొద్దు, అలవాటు లేని ఒంటికి అది ప్రాణాంతకం. ఇచ్చిన చోటే తిరిగి ఇచ్చేయాలి. మేం పదకొండో రోజు అయ్యాక తీసుకెళ్లాం. అమ్మ క్యాలెండర్ కూడా పట్టుకురమ్మంది, లెక్క అడుగుతారేమోనని. ఎవరూ అడగలేదు. నర్సమ్మ మాత్రల పట్టీలు విప్పి బల్ల మీద పరిచి, 26 అని రిజిస్టర్లో రాసుకుని, నా చేత సంతకం పెట్టించుకుంది. తర్వాత క్యాలెండర్ తీసుకుని ఆఖరి పేజీ తిప్పి చూసింది. “చివరికి ఎన్నణాల్లో ఉన్నారండీ?” అంది. ఆఖరి మూడు రోజులూ రెండు దాటలేదని చెప్పాను.